చుక్కపేడ కోడలు

మా మరిది మనహీరా పోడుకు నిప్పు అంటించడానికి ఎండుగడ్డి చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పెళ్లాం సువాజర చేను గట్టున గొంతుక్కూర్చుని, ఒక పురుగు విప్పుకునేదాకా కదలనంటోంది. నేను నెత్తిన నీళ్లకుండతో మధ్యలో నిలబడి ఇద్దర్నీ తిడుతున్నాను. ఆ రోజు గురించి మా ఊళ్లో ఇప్పటికీ తలో రకంగా చెప్పుకుంటారు. అక్కడ లేనివాళ్లే ఎక్కువ చెబుతారు. కళ్లారా చూసినదాన్ని నేను, అందుకని నేనే చెబుతాను.

ముందు ఆ పురుగు సంగతి. రోకలిబండ పురుగు జాతిదే గాని అంత పొడుగుండదు. పొట్టిగా, లావుగా, వీపు మీద నూనె రాసిన పెంకులు పేర్చినట్టు ఉంటుంది. తాకితే చాలు, తల, కాళ్లు, మీసాలు అన్నీ లోపలికి లాక్కుని గుండులా చుట్టుకుంటుంది. గోరు దూర్చుదామన్నా సందు దొరకదు. బాగా ముదిరిన ఆడపురుగు చుట్టుకుంటే నిమ్మకాయంత ఉంటుంది. ఆకాశంలో చుక్కలు వేసే పేడే ఇలా కింద పడుతుందని మా పాతవాళ్లు అనుకున్నారు. అందుకని దాన్ని చుక్కపేడ అంటాం. పేరు అలా ఉందని నవ్వేవాళ్లు నవ్వుకోండి, మాకు అలవాటే.

సువాజర పుట్టిల్లు ఉప్పునీటి కయ్యకు అవతలి ఒడ్డు. వాళ్ల వంశానికి ఒక కట్టుబాటుంది. తమ వల్ల చుక్కపేడ చుట్టుకుంటే, అది విప్పుకుని తన దారిన పోయేదాకా అక్కణ్ణించి కదలకూడదు. మా వంశానికి ఆ పట్టింపు లేదు. మాకు వేరే ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెబుతాను.

పెళ్లికూతురిని తీసుకొచ్చేటప్పుడు దోనె దిగి ఇసుక బాట పట్టాం. ముందు సువాజర, వెనక బియ్యపు బుట్టలు, చాపల కట్టలు నెత్తిన పెట్టుకుని మేమంతా. సగం దారిలో పెళ్లికూతురు టక్కున ఆగి కూర్చుండిపోయింది. కళ్లు తిరిగాయేమోనని మా అత్తగారు పరుగెత్తుకెళ్లి చూస్తే కాళ్ల దగ్గర ఒక గుండు. ఎండ మాడ్చేస్తోంది. సారా తాగిన మగవాళ్లు పాట ఆపి తూలుతూ నిలబడ్డారు. ఆ గుండు విప్పుకోదు, ఈ పిల్ల లేవదు.

“ఏమే, ఇది నా కొడుకుని చేసుకోడానికొచ్చిందా, పురుగునా?” అని నన్ను అడిగింది మా అత్తగారు.

“భయపెట్టింది నేనే కదత్తా. దాని భయం పోయేదాకా ఉండొద్దూ?” అంది కొత్తకోడలు, తలయినా ఎత్తకుండా.

ఆ రోజు నుంచి ఆమె మా ఊరికి చుక్కపేడ కోడలు. నేను ఆమెకు పెద్ద తోడికోడలిని కాబట్టి ఆ పేరు పెట్టింది నేనేనని గొప్పగా చెప్పుకుంటాను. ఆమెకు కోపం రాలేదు. తుంగ చీల్చి చాపలల్లడంలో ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా చురుకు. ఎవరేమన్నా నవ్వుతూ అల్లుకుంటూ పోయేది. పిల్లలు కలగలేదు. దాని గురించి ఎవరైనా గుచ్చితే మాత్రం పని ఆపేసి వాళ్ల మొహంలోకి చూసేది. అవతలివాళ్లే లేచి వెళ్లిపోయేవారు.

మనహీరాకు ఆమె అంటే ప్రాణం. బయటికి చెప్పుకునే రకం కాదు. వాళ్లిద్దరూ దెబ్బలాడుకున్నప్పుడు ఆమె గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకునేది. ఆయన గుమ్మంలో కూర్చుని కొబ్బరిచిప్పను కత్తితో గీరుతూ ఉండేవాడు. చుక్కపేడల్లో మగది చేసేది అదే. ముడుచుకున్న ఆడదాని పక్కన చేరి వెనక కాళ్లు గీరి సన్నగా చప్పుడు చేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే మనకీ వినిపిస్తుంది. ఆడదానికి నచ్చితే విప్పుకుంటుంది, లేదంటే అలాగే ఉంటుంది.

“ఏం మరిదీ, విప్పుకుందా?” అని నేను వీధిలోంచి అడిగేదాన్ని.

“ఇంకా లేదొదినా. చిప్ప అరిగిపోతోంది” అనేవాడు.

పోడు కొట్టి ఎండబెట్టాక, నిప్పు పెట్టే ముందు సువాజర తుంగబుట్ట పట్టుకుని చేనంతా తిరిగేది. కొమ్మల కింద, ఆకుల కింద ఉన్న చుక్కపేడల్ని ఏరి, పక్కనే మా చచ్చినవాళ్లని పూడ్చే పెద్దల అడవి అంచున వదిలేది. నిప్పొస్తే ఎలుక పారిపోతుంది, బల్లి పారిపోతుంది. ఇది చుట్టుకుంటుంది. పక్షి ముక్కుకూ ముంగిస పంటికీ పనికొచ్చిన ఉపాయం నిప్పుకు పనికిరాదు కదా. కాలిన చేలో గుండులన్నీ ఎక్కడివక్కడే నల్లగా ఉండిపోతాయి. ఏడాదికి వేల గుడ్లు పెట్టే జీవి కూడా కాదు. పెట్టే గుడ్లు కాసిని, అవి ఎదిగి మళ్లీ గుడ్లు పెట్టేసరికి మన పిల్లలకు పళ్లూడిపోయి మళ్లీ వస్తాయి.

పట్నం నుంచి కొందరు వచ్చి వాటిని డబ్బాలో పట్టుకెళ్లారు ఒకసారి. దోసకాయ పెట్టారట, క్యారెట్ పెట్టారట. అన్నీ చచ్చిపోయాయి. మా అడవిలో కుళ్లిన ఆకు తప్ప మరొకటి తినవు మరి. వాళ్లు మళ్లీ మొహాలు వేలాడేసుకుని వచ్చి, ఈ రకం మొత్తం మడగాస్కర్‌లో మీ ఇసుక అడవిలో తప్ప ఎక్కడా లేదు, అదిగో ఆ కనబడే అడవిలో ఉన్నది కూడా వేరే రకం అని చెప్పారు.

“నాకన్నా నయం అక్కా, పుట్టింట్లోనే ఉండిపోతాయి” అని నవ్వింది సువాజర.

ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. ఆమె పుట్టింటి వైపు అడవిని బొగ్గుకూ కొయ్యకూ కొట్టేశారు. వాళ్ల పెద్దల ఎముకల్ని గుడ్డల్లో చుట్టి దూరాన ఎక్కడో సిమెంటు గదిలో పెట్టారు. ఒక ఏడు పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చి నా పక్కన కూలబడింది.

“అక్కా, మావాళ్లకి ఆ కట్టుబాటు ఇంకా ఉంది. ఆగుదామంటే పురుగే లేదు” అంది.

ఇప్పుడు మా కట్టుబాటు. పెద్దల అడవిలో మా వంశం వాళ్లని పూడ్చుతాం. శవాన్ని తీసుకెళ్లేటప్పుడు తప్ప అందులో అడుగు పెట్టకూడదు. అవసరమై వెళ్లాల్సొస్తే మా వంశపెద్ద లహిమాసి ముందుగా నేల మీద సారా పోసి, పెద్దల్ని పేరుపేరునా పిలిచి, చెప్పుకోవాలి. ఆ తర్వాతే ఎవరైనా. చెప్పకుండా దూరినవాడికి చచ్చాక అందులో చోటుండదు. మాకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆకలికి ఓర్చుకుంటాం, దెబ్బకి ఓర్చుకుంటాం. పెద్దల్లో కలవకుండా ఎక్కడో ఒంటరిగా మట్టిలో పడుండటానికి మాత్రం ఓర్చుకోలేం. ఆ చోటు కోసమే సగం మంది మర్యాదగా బతుకుతున్నారని నా అనుమానం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంతకు ముందేడూ అంతే. ఒక పొద్దున లేచి చూస్తే చుక్కపేడలు పట్టపగలు బయటికొచ్చేశాయి. ఒకటీ రెండూ కాదు, బాటలన్నీ అవే. చెట్ల మొదళ్లకు ఎక్కుతున్నాయి, ఇళ్ల కిందికి పాకుతున్నాయి. అవి పగలు గుంపుగా కదిలితే వాన వస్తుందని మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పోడు కొట్టినవాళ్లంతా హడావిడి పడ్డారు. కొట్టిన కంప తడిస్తే కాలదు. కాలకపోతే ఆ ఏడు కర్రపెండలం నాటలేం.

మనహీరా ఎవర్నీ అడగలేదు, పెళ్లాన్నే అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

“నువ్వు చెప్పవే. వానేనా?”

“వానే. రేపు పొద్దెక్కేలోపు చూడు, నీ నెత్తి తడవకపోతే నన్నడుగు” అంది సంబరంగా.

ఆ మాటతో ఆయన పని తేలిక చేసుకున్నాడు. చేనుకూ పెద్దల అడవికీ మధ్య నేల చెక్కి ఖాళీ బాట తీయాలి. సగం తీసి, వాన ఎలాగూ ఆర్పేస్తుంది కదా అని పార పక్కన పడేశాడు. పెద్దల అడవి పక్కన నిప్పు పెడుతున్నానని లహిమాసికి కబురు కూడా పెట్టలేదు. ఆయన ఉండేది కయ్య సముద్రంలో కలిసే మొగ దగ్గర, చాలా దూరం. నా మొగుడూ మిగతా మగవాళ్లలో సగం మందీ రాతిరొయ్యల వేటకు సముద్రం మీద ఉన్నారు.

సువాజర బుట్ట మీద బుట్ట ఏరి అడవి అంచున పోస్తోంది. ఆఖరి బుట్ట నింపుతుంటే ఒక పురుగు ఆమె పాదం తగిలి చుట్టుకుంది. ఇంకేముంది, కూర్చుంది.

“బుట్టలో వేసుకుని లేవచ్చుగా!” అన్నాడు మనహీరా.

“ఇది బుట్టలోది కాదు, కాలికి తగిలింది. కొంచెం ఆగు.”

“మేఘమొస్తే నువ్వు కూర్చుంటావా దాన్ని ఆపి? నేను అటు కొసన అంటిస్తున్నా. పొగ రాగానే లే” అని ఆయన వెళ్లిపోయాడు.

నేను నీళ్లకుండ దించి ఆమె పక్కన కూలబడ్డాను. చేను అవతలి కొసన మంట లేచింది. కంప ఎండిపోయి ఉందేమో, పటపటమని అంటుకుంది. గాలి సముద్రం వైపు నుంచి మెల్లగా వీస్తోంది. మంట అడవికి దూరంగా పోతోంది, భయమేమీ లేదు.

అప్పుడు సువాజర నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు నా మణికట్టులో దిగబడిపోయాయి.

“అక్కా, నీ కుండ చూడు.”

చూశాను. కుండ అడుగున ఇసుక తడిసి ఉంది. ఆ తడి చుట్టూ చుక్కపేడలు మూగాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కుండ పగులు దగ్గర చెమ్మ కారుతుంటే దానికి మూతులు ఆనించి ఉన్నాయి. నా చెయ్యి తగిలినా చుట్టుకోవడం లేదు. ఇన్నేళ్లలో నేను అలాంటిది చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

“ఇవి వానకి రాలేదక్కా. నేల లోపలిదాకా ఎండిపోయింది. దాహానికి వచ్చాయి.” ఆమె మంట వైపు తిరిగింది. “వాన లేదు. నేను అబద్ధం చెప్పాను ఆయనకి.”

కాలి దగ్గరున్న పురుగు ఇంకా విప్పుకోలేదు. ఆమె దాని వైపు ఒక్కసారి చూసి, లేచి పరుగెత్తింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె ఆ కట్టుబాటు తప్పడం అదే మొదలు.

“ఆపు! ఆర్పెయ్! వాన రాదు!” అని అరుస్తూ పోతోంది. ఆర్పడానికి అక్కడ వీలెక్కడుంది? చేను సగం మంటలో ఉంది. మనహీరా ఆమె మొహం చూసి ముందు నవ్వబోయాడు. తర్వాత నవ్వలేదు.

గాలి ఆగింది. పొగ నిటారుగా లేచి నిలబడింది. ఆ వేళప్పుడు సముద్రపుగాలి ఆగిందంటే దక్షిణం గాలి అందుకుంటుంది. అందుకుంది కూడా. మంట అంతా ఒక్క ఊపున మా వైపు, పెద్దల అడవి వైపు వంగింది. ఖాళీ బాట తీసిన చోట కాసేపు తటపటాయించింది. తియ్యని చోట నుంచి నేరుగా లోపలికి పాకింది.

ఉన్న మగవాళ్లు పచ్చికొమ్మలతో బాదుతూ అడవి అంచుదాకా వచ్చి ఆగిపోయారు. కొమ్మలు చేతుల్లోనే ఉన్నాయి, కాళ్లు కదల్లేదు. లోపల ఎండుటాకు మీద మంట సన్నగా, చీరంచులా పాకుతోంది. ఇంకా చెట్లెక్కలేదు. ఇంకొంచెం ముందుకు పోతే పెద్దల్ని పూడ్చిన బొందలు.

“పెద్దాయన కోసం మనిషి పరుగెత్తాడు” అన్నాడొకడు.

“ఆయన వచ్చేసరికి ఏం మిగులుతుందిరా, బూడిదా?” అన్నాను నేను. పెద్దల అడవి తగలబడితే నిప్పు పెట్టినవాడికి చోటుండదు. అది అందరికీ తెలుసు. అందరూ మనహీరా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు.

మనహీరా కొమ్మ కింద పడేసి లోపలికి అడుగెయ్యబోయాడు. సువాజర వెనక నుంచి వచ్చి ఆయన్ని రెండు చేతులతో ఛాతీ మీద తోసింది. అంత పెద్ద మనిషి ఇసుకలో కూలబడ్డాడు.

“నువ్వు రాకు! నీ చోటు పోతుంది!” అంది. పార అందుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. పొగలో ఆమె వంగి ఆకుల్ని వెనక్కి లాగడం కనిపిస్తోంది. ఇసుక కనబడేదాకా చెక్కుతోంది, ఇంకో అడుగు జరుగుతోంది, మళ్లీ చెక్కుతోంది. మంట ఆమె పక్కగా, ఆమెతో పందెం వేసుకున్నట్టు వస్తోంది. పార పిడి విరిగింది. చేతులతో లాగడం మొదలుపెట్టింది. మధ్యలో ఎందుకో వంగి ఒడిలో ఏవో వేసుకుంటోంది. ఎందుకో ఏమిటి, నాకు తెలియదా!

“ఒసే, వాటిని వదిలెయ్యవే! ముండా! చస్తావే!” అని గొంతు చించుకున్నాను.

మనహీరా అంచు మీదే నిలబడ్డాడు. అంచు అంటే సరిగ్గా అంచు, కాలివేళ్లు గీత మీద. వెళ్లబోతాడు, ఆగుతాడు. లోపలి నుంచి ఆమె చూసిన ప్రతిసారీ “రావొద్దు” అని తల ఊపుతోంది. ఆయన కన్నీళ్లు పొగ వల్లనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చివరికి లహిమాసిని ఇద్దరు భుజాల మీద మోసుకుంటూ తెచ్చారు. ఆ ముసలాయన సారా పోసి, పెద్దల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్క పేరూ వదల్లేదు, నాకు ఆయన నోరు నొక్కేద్దామనిపించింది. ఆఖరి పేరు పూర్తికాగానే మగవాళ్లంతా లోపలికి దూకారు. ఆమె చెక్కిన గీత దగ్గర మంటని ఆపారు. బొందలు దక్కాయి. మనహీరా ఆమెని ఎత్తుకుని బయటికి తెచ్చాడు. చేతులు బొబ్బలెక్కి పచ్చిగా ఉన్నాయి. ఒడిలోంచి గుండులు దొర్లి పడ్డాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని బాగానే ఉన్నాయి.

వాన రాలేదు. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు.

కాలిన చేతులకు గుడ్డలు కట్టుకుని సువాజర పంచాయితీకి వచ్చింది. మా పెద్దల పేరిట నిలబెట్టిన రాళ్లు అడవి బయట ఉంటాయి, అక్కడే ఊరంతా కూర్చున్నాం. లహిమాసి చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. ఆయనకీ ఆ పని మింగుడు పడలేదు.

“మనహీరా, వాన వస్తుందని నీకు చెప్పిందెవరు?” అని అడిగాడు.

“ఎవరూ చెప్పలేదు పెద్దయ్యా. నేనే చూసుకున్నా.”

“నేను చెప్పాను” అంటూ సువాజర లేచింది. “ఆయన నన్నడిగాడు. వానే అన్నాను. తప్పు నాది. లోపలికెళ్లిందీ నేనే, నన్నెవరూ పంపలేదు. ఆయన్ని ఇందులోకి లాగకండి.”

లహిమాసి కర్రతో ఇసుకలో గీతలు గీశాడు. “అడవి దక్కింది కాబట్టి మనహీరాకి శిక్ష లేదు. ఒక ఎద్దుని కోసి పెద్దలకి క్షమాపణ చెప్పుకోవాలి. నీ సంగతి…” అని ఆమె చేతుల గుడ్డల వైపు చూశాడు. “నువ్వు బొందలు కాపాడావు తల్లీ. అందుకు ఊరంతా నీకు దణ్ణం పెట్టాలి. కానీ చెప్పకుండా దూరావు. ఒకరికి సడలిస్తే రేపు బొగ్గులవాడు కూడా దూరతాడు. ఈ అడవి ఇంకా నిలబడి ఉందంటే ఎవరికీ సడలించకపోవడం వల్లే. నీకు అందులో చోటు లేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకలేదు. ఆ దొరకకపోవడమే నాకు ఇప్పటికీ మంట.

సువాజర “సరే పెద్దయ్యా” అంది. ఇంటికెళ్లి గోడవైపు తిరిగి ముడుచుకుంది. పుట్టింటి అడవి లేదు, మెట్టింటి అడవిలో చోటు లేదు. అన్నం తినలేదు, అన్నం మాడులో కాచిన నీళ్లు కూడా ముట్టలేదు. నేను తిట్టాను, బతిమాలాను, నా చిన్నకొడుకుని తీసుకెళ్లి పక్కన పడుకోబెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. మనహీరా గుమ్మంలో కూర్చుని కొబ్బరిచిప్ప గీరుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు విని నేను ఈసారి వీధిలోంచి ఏమీ అడగలేదు.

ఎద్దుని కోసే రోజు వచ్చింది. ఊరంతా మళ్లీ రాళ్ల దగ్గర చేరాం. సువాజరని నేనే రెక్క పట్టుకుని తెచ్చాను. లహిమాసి సారా పోసి పెద్దల్ని పిలవబోతుంటే మనహీరా లేచాడు.

“పెద్దయ్యా, పేర్లు మొదలెట్టక ముందే ఒక మాట. నా చోటు కూడా తీసెయ్యండి.”

“ఏం మాట్లాడుతున్నావురా?”

“ఆ రోజు అది లోపల కాలుతుంటే నేను బయట నిలబడ్డా. ఎందుకు? నా చోటు కోసం. నా కాలివేళ్లు ఆ అంచు మీదే ఉన్నాయి, అందరూ చూశారు. ఆ చోట్లో పడుకుంటే నాకు నిద్రెలా పడుతుంది పెద్దయ్యా? అది ఎక్కడ పడుకుంటే అక్కడే నన్నూ పెట్టండి.”

బతికుండగానే తన చోటు వద్దన్నవాణ్ణి మేమెవరం చూడలేదు. లహిమాసి చేతిలో సారా ఒలికిపోతోంది, ఆయనకి తెలియడం లేదు.

అప్పుడు నా పక్కన కదలిక. ఇన్ని రోజులుగా పెదవి విప్పని మనిషి నా చెయ్యి విదిలించుకుని లేచింది.

“నీకు మతి పోయిందా? ఆ చోటు కోసమే కదా నేను చేతులు కాల్చుకుంది! ఇప్పుడొద్దంటావా, పిచ్చి సన్నాసీ?” అని గుడ్డలు చుట్టిన చేతులతోనే ఆయన్ని బాదింది. బాదుతూ బాదుతూ ఆయన భుజం మీద తల పెట్టి బావురుమంది. ఆయన కదలకుండా నిలబడి దెబ్బలు తిన్నాడు.

“విప్పుకుంది మరిదీ” అన్నాను. నవ్వుదామనుకున్నాను గాని ఏడుపొచ్చింది.

లహిమాసి ఆయన మాటకి అవుననలేదు, కాదనలేదు. పేర్లు చదివాడు. మనహీరా పంతం మాత్రం మారలేదు. అడవి అంచున, ఆమె బుట్టలు ఒంపే చోట, ఇద్దరికి సరిపడా జాగా చూసుకున్నారు. అక్కడ కంప కొట్టనివ్వరు, ఆకు ఊడవనివ్వరు. ఊళ్లో ఎవరు పోడు కాల్చినా ముందు ఖాళీ బాట పూర్తిగా తీశాడో లేదో మనహీరాయే వెళ్లి చూసొస్తాడు.

వానలు ఆలస్యంగా పడ్డాయి గాని పడ్డాయి. ఆ తర్వాత ఒక రోజు కర్రపెండలం బుట్టలు నెత్తిన పెట్టుకుని చేలోంచి వరసగా వస్తున్నాం. ముందు నడుస్తున్న మనహీరా టక్కున ఆగిపోయాడు. ఆయన కాళ్ల దగ్గర ఒక గుండు. ఆయన వంశానికి ఆ పట్టింపు లేదు, దాటి పోవచ్చు. బుట్ట దించి గొంతుక్కూర్చున్నాడు.

“ఏమయ్యా, నా మెడ పడిపోతోంది. ఇంకా ఎంతసేపు?” అంది వెనక నుంచి సువాజర.

“భయపెట్టింది నేనే కదే. ఉండనీ” అన్నాడు.

ఆమె ఇంకేం అనలేదు. బుట్ట దించి ఆయన పక్కన కూర్చుంది. నేను ఇద్దర్నీ తిడుతూ నా బుట్ట కూడా దించాను.